110 వచ్చిందంటే 110 దగ్గర ఆగుతుందని కాదు

ప్రశ్న: మాస్టారూ, మా ప్రాజెక్టులో అల్యూమినియం 6061-టీ6 బ్రాకెట్‌కి మోడల్ (modal) అనాలిసిస్, అంటే అది సహజంగా ఏ ఫ్రీక్వెన్సీల్లో ఎలా ఊగుతుందో చూసే లెక్క చేసి, ఆరు మోడ్స్ (ఊగే తీరులు) తీసుకున్నా. మొదటిది 100 హెర్ట్జ్, ఆరోది 740. డ్యాంపింగ్ (ఊపు అణిగే గుణం) 5 శాతం పెట్టి, 20 నుంచి 2000 హెర్ట్జ్ దాకా ర్యాండమ్ వైబ్రేషన్ (క్రమం లేని ఊపు) 0.04 జీ స్క్వేర్ పర్ హెర్ట్జ్ ఇస్తే బెండింగ్ స్ట్రెస్ 110 మెగాపాస్కల్స్ వచ్చింది. యీల్డ్ (శాశ్వతంగా వంగిపోయే హద్దు) 276 కదా, సేఫ్ అని రాశా. మా గైడ్ గారు ఒప్పుకోవట్లేదు, ఎందుకండీ?
– బీటెక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: గైడ్ గారి మాటే కరెక్టమ్మా. నీకొచ్చిన 110 ఆర్ఎంఎస్ (వర్గాల సగటుకి వర్గమూలం), అంటే ఒక సిగ్మా (స్టాండర్డ్ డీవియేషన్). గతుకుల రోడ్డు మీద బస్సులో కూర్చుంటే తర్వాతి కుదుపు ఎంతో ఎవరూ చెప్పలేరు, కానీ ఎంతసేపు ఎంత లోపల ఉంటుందో లెక్క కట్టొచ్చు, గాసియన్ (గంట ఆకారపు పంపిణీ) అనుకుంటే 68.3 శాతం టైమే 110 లోపు, మిగతా టైమంతా దాటిపోతూనే ఉంటుంది. అందుకే మూడు సిగ్మా చూస్తారు, 99.73 శాతం. మూడు నూటపదులు 330, యీల్డ్ దాటేసింది!

ఇక మోడ్స్ సంగతి. ఊపేది 2000 దాకా, నీ మోడ్స్ 740కే ఆగిపోయాయి, పై మోడ్స్ వాటా లెక్కలోకే రాలేదు. ఊపే దిశలో ఎఫెక్టివ్ మాస్ (ఒక్కో మోడ్‌లో కదిలే బరువు వాటా) కూడి చూడు, మొత్తం బరువులో 90 శాతమైనా రావాలి, లేకపోతే బోల్టుల దగ్గర స్ట్రెస్ తక్కువ చూపిస్తుంది. మేమూ ఒకసారి ఇలాగే నాలుగు మోడ్స్‌తో సరిపెట్టేసి బోర్డుని షేకర్ (ఊపే యంత్రం) మీద పెడితే, పెద్ద కెపాసిటర్ కాలు సోల్డర్ పక్కనే పుటుక్కున తెగింది, ఆ తెగిన కాలు ఇప్పటికీ నా డ్రాయర్‌లోనే ఉంది.

అన్నిటికన్నా నాకు భయమేసేది ఆ 5 శాతం. ఎక్కడ కొలిచావమ్మా? చేత్తో చూసుకోవడానికి 1954 నాటి మైల్స్ ఫార్ములా ఉంది కదా, పై (π) బై 2, ఫ్రీక్వెన్సీ, క్యూ (మోడ్ దగ్గర ఊపు ఎన్ని రెట్లు పెరుగుతుందో), పీఎస్‌డీ (నువ్విచ్చిన 0.04) నాలుగూ గుణించి వర్గమూలం తియ్యి. 5 శాతం డ్యాంపింగ్ అంటే క్యూ 10, నీ 100 హెర్ట్జ్ మోడ్‌కి ఆర్ఎంఎస్ త్వరణం 7.9 జీ వస్తుంది. అదే 2 శాతమైతే క్యూ 25, 12.5 జీ! బ్రాకెట్ అదే, ఊపు అదే, మారింది ఆ ఒక్క అంకే.

కాలేజీలో షేకర్ ఉంటే ముందు తక్కువ లెవెల్‌లో సైన్ స్వీప్ (ఫ్రీక్వెన్సీ మెల్లగా మారుస్తూ ఊపడం) చేయించు. పీక్ ఎత్తులో 0.707 వంతు దగ్గర వెడల్పు కొలువు, అది 98 నుంచి 102 దాకా ఉంటే 100 బై 4, క్యూ 25 అన్నమాట. ఆ అంకె పెట్టి మళ్లీ రన్ చేసి రిపోర్ట్ రాయి తల్లీ.