డిప్లొమా చదివి కర్రలకు మందు పట్టించడమా?

టెక్కలి నుంచి ఒక తండ్రి అడిగారు: "మా వాడు మెకానికల్ డిప్లొమా పాసయ్యాడు. కలపకు చెదలు పట్టకుండా మందు పట్టించే యూనిట్లో సిలిండర్ ఆపరేటర్‌గా రమ్మంటున్నారు. అంత చదివి కట్టెలు ఉడకబెట్టే పనా? పంపమంటారా, బీటెక్‌లో చేరడానికి ఈసెట్ రాయించమంటారా?"

అక్కడ ఎవరూ ఏదీ ఉడకబెట్టరండి. ఆరిన కలపను ట్రాలీ మీద పేర్చి పొడుగాటి ఉక్కు సిలిండర్లోకి తోసి తలుపు బిగిస్తారు. మొదట వాక్యూమ్ పంపుతో కర్రలో ఉన్న గాలి లాగేస్తారు, ఆ వాక్యూమ్ ఉండగానే మందు నింపుతారు, తర్వాత ప్రెషర్ పెట్టి లోపలికంటా ఎక్కిస్తారు, చివర్లో మళ్లీ కాసేపు వాక్యూమ్ పెడితే పైపైన కారేది దిగిపోతుంది. 1838లో ఇంగ్లండులో జాన్ బెథెల్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న పద్ధతే ఇది. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన సీసీఏ మందు మాత్రం 1933లో మన దేశంలోనే పుట్టింది. డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సొంటి కామేశం గారు కనిపెట్టారు.

ఇక ఉద్యోగం సంగతి. కలప పని ఒక్కటే నమ్ముకుంటే మన దగ్గర యూనిట్లు తక్కువ, రైలు పట్టాల కింద వేసే స్లీపర్లు కూడా ఎప్పుడో కాంక్రీటుకి మారిపోయాయి. కానీ మీ వాడు నేర్చుకునేది కర్ర గురించి కాదు, ప్రెషర్ వెసెల్ గురించి, అంటే లోపలి ప్రెషర్‌ని తట్టుకునే ఇలాంటి గట్టి ట్యాంకు గురించి. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో రియాక్టర్లూ ఆటోక్లేవులూ నడిపేవాళ్లకి కావాల్సింది ఇదే, విశాఖలో పాత బీహెచ్‌పీవీ, అంటే ఇప్పటి బీహెచ్ఈఎల్ ప్లాంటు, తయారుచేసేదీ ఇలాంటి వెసెల్సే. అందుకని ఒక ఏడాది చేయనివ్వండి, ఆ సాయంత్రాలే ఈసెట్‌కి చదువుకోవచ్చు. రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

అయితే చేరే ముందు మీరే ఒకసారి వెళ్లి ఆ తలుపు చూసి రండి. మీటరున్నర వ్యాసం తలుపు మీద చదరపు సెంటీమీటరుకి పది కేజీల ప్రెషర్ ఉంటే మొత్తం బరువు దాదాపు 177 టన్నులు, అంటే పదికి పైగా లోడు లారీలు ఒక్క తలుపుని లోపల్నుంచి తోస్తున్నట్టు. ప్రెషర్ పూర్తిగా పోకుండా తలుపు తెరుచుకోని ఇంటర్‌లాక్ ఉందా, సేఫ్టీ వాల్వ్ ఎప్పుడు టెస్ట్ చేశారు, నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసే హైడ్రో టెస్ట్ సర్టిఫికెట్ ఏదీ అని మొహమాటపడకుండా అడగండి. గేజి సున్నా చూపిస్తున్నా సరే, అనుభవమున్న ఆపరేటరు ముందు లోపలిది బయటికి వదిలే చిన్న కుళాయి, అంటే డ్రెయిన్ కాక్, తిప్పి, ఏమీ చిమ్మడం లేదని చూశాకే బోల్టు మీద చెయ్యి వేస్తాడు. "అవన్నీ ఎందుకండీ, ఎన్నేళ్లుగా నడుస్తోంది" అంటే మాత్రం మీ వాణ్ణి పంపొద్దు, జీతం ఎంతిచ్చినా సరే.

ఏ మందు వాడుతున్నారో కూడా కనుక్కోండి. సీసీఏ అయితే గ్లవ్స్, బూట్లు, తాగేందుకు వేరే చోట నీళ్లు ఉండాలి. ఇంకోటి, అక్కడ మిగిలిన ముక్కలు ఊరికే ఇస్తామన్నా ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టకండి. మందు పట్టిన కర్ర కాలిస్తే ఆర్సెనిక్ పొగలోకీ బూడిదలోకీ వస్తుంది, మనవాళ్లేమో ఆ బూడిదతోనే గిన్నెలు తోముతారు.