నాటుకోళ్లకి జింకల ఫీడర్ పనికొస్తుందా? విశాఖ చెమ్మలో వాడుతున్న అనుభవంతో

మీరడిగినవి రెండు విషయాలండి. ఆనందపురం వైపు తోటలో ఉన్న నాటుకోళ్లకి, రోజూ వెళ్లడం కుదరదు కాబట్టి, అమెరికా వీడియోల్లో జింకలకి మొక్కజొన్న చల్లే టైమర్ ఫీడర్ కొనొచ్చా అన్నది ఒకటి. కంబాలకొండ అభయారణ్యం వైపు నుంచి జింకలొస్తే వాటికీ అందులోంచే పెట్టొచ్చా అన్నది రెండోది. కోళ్లకైతే కొనండి. జింకలకి మాత్రం వద్దే వద్దు.

జింకల సంగతి ముందు తేల్చేద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎర పెట్టడం కూడా వేట కిందికే వస్తుంది, ప్రేమతో పెట్టానండీ అని ఫారెస్టు వాళ్లకి సంజాయిషీ చెప్పుకుంటూ తిరగడం మీకు అవసరమా? అమెరికాలోనే కొన్ని రాష్ట్రాల్లో జింకలకి మేత పెట్టనివ్వరు, అన్నీ ఒకచోట మూతులు పెడితే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకలు చిక్కి చచ్చిపోయే అంటురోగం) పాకుతుందని. పైగా ఆకూ అలమూ నెమరేసుకునే కడుపులో ఒక్కసారిగా గింజలు ఎక్కువ పడితే పులిసిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ఇంకోటి, కంబాలకొండలో చిరుతలున్నాయి. జింకలు రోజూ మీ తోటకి రావడం మొదలైతే వాటి వెనకాల వచ్చేదానికి మీ కోళ్లు కూడా కనిపిస్తాయి.

ఇక ఫీడర్. పైన డ్రమ్ము, కింద గరాటు, గరాటు నోటి కింద మోటారుకి బిగించిన చిన్న పళ్లెం, టైమర్ చెప్పినన్ని సెకన్లు పళ్లెం తిరిగితే గింజలు చుట్టూ ఎగిరిపడతాయి, అంతే. దీన్ని చూసి జనం టైమర్‌లో ఎన్ని ప్రోగ్రాములున్నాయి, యాప్ ఉందా అని ఆరా తీస్తారు గానీ మన ఊళ్లో ఇది చెడేది చెమ్మ వల్ల, ఉప్పుగాలి వల్ల. కాబట్టి నేనైతే మూడే చూస్తాను: మూత అంచు డ్రమ్ము మీదకి బాగా దిగి కూర్చుంటుందా, గరాటు విప్పి కడగడానికి వీలుగా ఉందా, మోటారు పెట్టెలోకి వైర్లు వెళ్లే కంత దగ్గర రబ్బరు ఉందా. జీఐ రేకువి చవకే, కానీ భీమిలి రోడ్డు మీద సముద్రానికి దగ్గరగా ఉన్న మా స్థలంలో మరల దగ్గర తుప్పు తొందరగానే మొదలైంది, డ్రమ్ము ప్లాస్టిక్‌దీ మరలు స్టీల్‌వీ అయితే నయం. సొంతంగా చేయించుకుంటే సెకండ్ హ్యాండ్ నీలం డ్రమ్ములు మాత్రం తేకండి, అందులో అంతకుముందు ఏ కెమికల్ పోశారో ఎవరికి తెలుసు.

దాణా విషయం అన్నిటికంటే ముఖ్యం. ఈ పళ్లెం ఫీడర్లో గింజలే పోయాలి: నలగ్గొట్టిన మొక్కజొన్న, గంట్లు (సజ్జలు), చోళ్లు (రాగులు), లేదా పెల్లెట్ దాణా. తవుడూ, లేయర్ మాష్ లాంటి పొడి పోస్తే గరాటులో గూడు కట్టేసి, మోటారు తిరుగుతూనే ఉంటుంది, కింద ఒక్క గింజ రాలదు. పొడే పెట్టాలంటే ఇది మానేసి, కోడి తొక్కితే మూత తెరుచుకునే పెట్టె కొనుక్కోండి, కరెంటు గొడవా ఉండదు, రాత్రిపూట పందికొక్కులకీ అందదు. డ్రమ్ము పెద్దది కదా అని నెలకి సరిపడా నింపకండి. వానాకాలంలో మరీ ముఖ్యంగా వారానికి సరిపడా చాలు, గుడ్లు పెట్టే కోడి రోజుకి వంద, నూట ఇరవై గ్రాములకి మించి తినదు, ఆ లెక్కన పోసుకోండి. పోసే ముందు ఒక గింజ పంటికింద పెట్టి చూడండి, కటుక్కున విరగాలి. నొక్కుకుపోయిందంటే చెమ్మ ఉన్నట్టే, మళ్లీ ఎండబెట్టండి.

ప్రతిసారీ కొత్త దాణా పోసే ముందు చూడాల్సిన చోటు ఒకటుంది. పళ్లేన్ని విప్పి తిరగేస్తే, గరాటు నోటి చుట్టూ లోపలివైపు మొక్కజొన్న పొడి చెమ్మకి ముద్దై ఒక కట్టులా అంటుకుని ఉంటుంది, మొదట పసుపుగా, పట్టించుకోకపోతే ఆకుపచ్చ బూజుగా, ముక్కు దగ్గర పెడితే మాగిన వాసన. పాత బ్రష్‌తో అది మొత్తం గీకెయ్యండి, కడిగితే ఎండలో పూర్తిగా ఆరాకే బిగించండి. ఆ బూజుతోనే అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుంది, అది కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, బాతులుంటే వాటికి ఇంకా ప్రమాదం. బూజు పట్టిన గింజల్ని వేయించో, ఉడకబెట్టో పెట్టేద్దాం అనుకోకండి, ఆ వేడికి విషం పోదు. పారేయడమే.

బ్యాటరీ సంగతి: కొన్ని మోడళ్లకి 6 వోల్టులు, కొన్నిటికి 12, మోటారు మీద చూసుకునే కొనండి. సీల్డ్ లెడ్ యాసిడ్‌వి యూపీఎస్ బ్యాటరీలు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతాయి. 12 వోల్టులది నిండుగా ఉంటే మల్టీమీటర్లో 12.7 దగ్గర చూపిస్తుంది, 12 కిందికి పడిపోయి అలాగే వారాలు ఉండిపోతే ఇక కోలుకోదు. సోలార్ ప్యానెల్ ఉన్నా సరే, శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టినన్ని రోజులూ దాన్ని నమ్మకండి, ఇంటి దగ్గర ఛార్జ్ చేసిన ఇంకో బ్యాటరీ పెట్టుకోండి. టైమర్ మీద ఎన్ని సెకన్లు పెట్టాలన్నది కంపెనీ పుస్తకం చూసి కాదు, పళ్లెం చుట్టూ ఒక గోనెసంచి కట్టి ఐదు సెకన్లు తిప్పి, పడింది తూకం వేసి పెట్టుకోండి. గింజ మారిస్తే మళ్లీ తూచాలి.

చీమలు ఎక్కకుండా ఫీడర్ కాళ్ల చుట్టూ గ్రీజు రాస్తే చాలు, కాకపోతే దుమ్ము పట్టాక పనిచేయదు, తుడిచి మళ్లీ రాయండి. టైమర్ పెట్టెలో బల్లి దూరి గుడ్లు పెట్టడం మామూలే, వైర్లు వెళ్లే కంతకి కాస్త సిలికాన్ కొట్టండి. నీళ్లకి వేరే ఏర్పాటు చూసుకోవాలి, ఎండాకాలంలో కోళ్లు తిండి లేకపోయినా ఒకరోజు ఆగుతాయి గానీ నీళ్లు లేకపోతే ఆగవు.

తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం ప్యానెల్ ఊడదీసి, డ్రమ్ము ఖాళీ చేసి నేలమీద పడుకోబెట్టి తాడుతో కట్టేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి చూసినవాళ్లకి మూడు కాళ్ల మీద నిలబెట్టిన డ్రమ్ము ఏ పెరట్లో తేలుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ రెండు మూడు రోజులూ దాణా చేత్తోనే వేయాలి, లేదా పక్క తోటవాళ్లకి అప్పజెప్పాలి.