మేకు కొట్టకుండా, మూడు వేలలో

ప్రశ్న: మేడం, బోడుప్పల్‌లో డబుల్ బెడ్‌రూమ్ అద్దె ఇంట్లోకి ఈమధ్యే మారాం. హాలు గోడలన్నీ తెల్లగా, బోసిగా ఉన్నాయి. కొత్త మేకులు కొట్టొద్దని ఓనరు గట్టిగా చెప్పారు. ఫోన్లో ఫోటోలు చూసినకొద్దీ ఏవేవో కొనాలనిపిస్తోంది. తీరా లెక్కేస్తే ఇరవై వేలు దాటుతోంది. నా దగ్గర ఉన్నది మూడు వేలు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: టెన్షన్ పడకండమ్మా, మూడు వేలు తక్కువేం కాదు. కాకపోతే వాటిని పది చిన్న చిన్న వస్తువుల మీద చిల్లర చేసేయొద్దు. మూడు వందలకో ప్లాస్టిక్ పూలకుండీ, రెండు వందలకో ఇంగ్లిష్ అక్షరాల బోర్డూ కొంటూ పోతే డబ్బులైపోతాయి, గోడ మాత్రం బోసిగానే ఉంటుంది. పెద్ద గోడకి పెద్ద వస్తువే కావాలి. చవగ్గా దొరికేదీ, ఇల్లు మారినప్పుడు మడిచి పట్టుకెళ్లగలిగేదీ అయిన పెద్ద వస్తువు గుడ్డ.

నేనైతే మచిలీపట్నం దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ బట్ట కొంటాను. రెండున్నర మీటర్ల నూలు బట్ట మీ బడ్జెట్‌లో సగం కూడా తినదు. కొనేముందు బట్టని తిరగేసి చూడండి. అచ్చు కలంకారీలో బట్టని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. టేకు చెక్క అచ్చులతో నలుపు ఒకసారి, ఎరుపు రావాల్సిన చోట పటిక ఒకసారి అద్ది, పారే నీళ్లలో ఉతికి, రంగు బానల్లో ఉడకబెడతారు. ఆ నలుపు ఇనప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లది. ఇంత పని జరిగిన బట్టకి రంగు వెనకవైపు కూడా దిగుతుంది. అచ్చు చేత్తో వేసేది కాబట్టి ఒక పువ్వు పక్కన ఇంకో పువ్వు పడే చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. నాకు ఆ తేడా అంటేనే ఇష్టం, అక్కడ మనిషి చెయ్యి తెలుస్తుంది. ప్రతి గీతా పిసరంత తేడా లేకుండా ఒకేలా ఉండి, వెనక పాలిపోయి ఉంటే అది స్క్రీన్ ప్రింటు అయ్యుండొచ్చు. నచ్చితే అదీ కొనుక్కోండి, కానీ చేతిపని ధర ఇవ్వొద్దు.

ఇక వేలాడదీయడం. పై అంచుని రెండంగుళాలు మడిచి గొట్టంలా కుట్టించండి. అందులోంచి సన్నటి కర్టెన్ రాడ్డో, వెదురు కర్రో దూర్చి రెండు చివర్లా తాడు కట్టండి. కింది అంచులో కూడా ఒక కర్ర పెడితే ఫ్యాను గాలికి ఎగరదు. మీకంటే ముందున్నవాళ్లు క్యాలెండర్ కోసం కొట్టిన మేకు హాల్లో ఒకటైనా ఉంటుంది, వెతకండి. అది లేకపోతే కిటికీ కర్టెన్ కొక్కేలకో, అటక అంచుకో కట్టొచ్చు. అతికించే హుక్కుల జోలికి మాత్రం పోకండి. డిస్టెంపర్ గోడ మీద అవి తీసేటప్పుడు పెచ్చుతో సహా ఊడొస్తాయి, ఖాళీ చేసే రోజు ఆ డబ్బు అడ్వాన్సులో కోస్తారు.

ఇంకో మాట. మన ఇళ్లలో పటాలు చాలావరకు మరీ పైకి, సీలింగ్‌ని ఆనుకున్నట్టు కడతారు. మెడ ఎత్తితే తప్ప కనిపించవు. నిలబడ్డ మనిషి కళ్ల ఎత్తులో బట్ట మధ్యభాగం ఉండాలి. కింద సోఫా ఉంటే దానికీ బట్టకీ మధ్య జానెడు ఖాళీ చాలు.

మిగిలిన డబ్బులో కొంత దీపానికి పెట్టండి. ఒక్క ట్యూబ్‌లైట్ వెలుగులో ఎంత మంచి బట్టయినా వెలవెలబోతుంది. ప్లగ్‌లో పెట్టుకునే చిన్న లాంపు, 2700 కెల్విన్ అని రాసి ఉన్న పసుపు రంగు ఎల్‌ఈడీ బల్బు తెచ్చుకుని మూలన పెట్టి చూడండి. తర్వాత ఎప్పుడైనా చేతిలో డబ్బు ఆడితే నిమ్మలకుంట తోలు లాంపు కొనండి. ధర్మవరం దగ్గర ఆ ఊళ్లో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలు ఇప్పుడు మేకతోలుని పల్చగా గీకి, రంధ్రాలు కొట్టి, రంగులేసి దీపపు తొడుగులు చేస్తున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బల్బు వెలిగించగానే ఆ చుక్కలన్నీ గోడ మీద పడతాయి, గోడకి వేరే అలంకారం అక్కర్లేదు. లోపల ఎల్‌ఈడీ తప్ప వేరే బల్బు పెట్టకండి, వేడికి తోలు ముడుచుకుపోతుంది.

ఐడియాల కోసం ఫోన్ కాసేపు పక్కన పెట్టండి. మీకు ఉప్పల్ మినీ శిల్పారామం దగ్గరే. ఏమీ కొనకుండా ఒకసారి తిరిగి రండి, ఏ రంగు దగ్గర మీ కాళ్లు ఆగుతున్నాయో గమనించండి. శుక్రవారం కాకుండా ఇంకే రోజైనా సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లి ఏ రంగు పక్కన ఏ రంగు వాడారో చూడండి. అంతకంటే దగ్గరి బడి మన బొమ్మల కొలువు. పొడవు బొమ్మ వెనక, పొట్టిది ముందు, మెట్ల మీద ఒకే రంగు బట్ట, మధ్యమధ్యలో ఖాళీ. మీ టీవీ స్టాండు మీద కూడా అదే పద్ధతిలో సర్దండి. రెండు మూడు ఏటికొప్పాక లక్కబొమ్మలు చాలు. అంకుడు కర్రని తరిణె (కర్రని గిర్రున తిప్పే యంత్రం) పట్టి, తిరుగుతుండగానే రంగు లక్క అద్దుతారు, ఆ నునుపు చేత్తో తాకితే తెలుస్తుంది. సహజ రంగులవి అడిగి తీసుకోండి, పిల్లలున్న ఇంట్లో అది ముఖ్యం.

ప్రశ్న: మా నానమ్మ ఇత్తడి గంగాళం, రెండు బిందెలు అటక మీద నల్లబడి పడున్నాయి. పాత సామాన్లవాడు తూకానికి ఇమ్మంటున్నాడు. ఇంట్లో అలంకారంగా పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: దయచేసి తూకానికి ఇవ్వకండి. అంత మందపు రేకుతో కొత్తది కొనాలంటే తల తాకట్టు పెట్టాలి. చింతపండు, ఉప్పు కలిపి పీచుతో తోమండి. పులుపుని ఎక్కువసేపు ఉంచితే ఇత్తడి ఎర్రబారుతుంది కాబట్టి వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవాలి. అద్దంలా మెరవక్కర్లేదు, మెడ దగ్గర, నగిషీ సందుల్లో కాస్త నలుపు మిగిలితేనే పనితనం కనిపిస్తుంది. వంటకి వాడరు కాబట్టి కళాయి ఖర్చు కూడా లేదు.

గంగాళంలో నీళ్లు పోసి పూలు వేస్తే మాత్రం రోజూ నీళ్లు మార్చండి, లేదంటే దోమలు పెరుగుతాయి. మొక్క పెట్టాలనుకుంటే మట్టిని నేరుగా ఇత్తడిలో పోయకుండా, ప్లాస్టిక్ కుండీని ఒక పళ్లెంలో ఉంచి లోపల దింపండి. బిందెలు గుమ్మం పక్కన గొడుగులకి పనికొస్తాయి. నానమ్మ పేరు వాటి అంచు మీద చెక్కించి ఉందేమో తోమేటప్పుడు చూసుకోండి. ఉంటే ఆ వైపు బయటికి కనిపించేలా పెట్టండి.