చీటీ పాడి అలాయ్ వీల్స్ వేయించుకోవచ్చా?

ప్రశ్న: మాది గుత్తి. రోజూ కారులో అనంతపురం వెళ్లి ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాను. జీతం 42 వేలు. నిరుడు 2018 మోడల్ స్విఫ్ట్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఈఎంఐ 9,800, వడ్డీ 14 శాతం. హైవే మీద స్టీరింగ్ వదులుగా ఉన్నట్టుంది, తిప్పిన కాసేపటికి గానీ బండి తిరగదు. 17 అంగుళాల అలాయ్ వీల్స్, వెడల్పు టైర్లు వేస్తే సరిపోతుందని షాపువాళ్లు 72 వేలు చెప్పారు. 20 నెలల లక్ష రూపాయల చీటీలో ఇది ఆరో నెల. ఇప్పుడు పాడితే 75 వేలు వస్తాయి. బ్యాంకులో 40 వేలున్నాయి. పాడమంటారా? ఇప్పుడున్న టైరు ఫోటో పంపుతున్నాను.

జవాబు: చీటీ పాడొద్దు. టైర్లు మాత్రం ఈ నెలలోనే మార్చండి.

మీరు పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. రిమ్ము దగ్గర చిన్న గడిలో 1418 అని ఉంది. 2018లో 14వ వారం తయారైన టైరు అని అర్థం. అంటే ఇవి దాదాపుగా బండితో పాటు వచ్చినవే. గాట్లు ఇంకా కనిపిస్తున్నాయి కాబట్టి మీకు అనుమానం రాలేదు. చట్టం అడిగే లోతు 1.6 మిల్లీమీటర్లే, అది ఉంది. కానీ మన అనంతపురం ఎండల్లో ఇన్నేళ్లు కాగిన రబ్బరు గట్టిపడిపోతుంది, రోడ్డును పట్టదు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద గోరు పెట్టి చూడండి, వెంట్రుకల్లాంటి పగుళ్లు తగులుతాయి. ఫోటోలోనే రెండు మూడు కనిపించాయి నాకు.

ఇంకో సంగతి. గాలి ఎప్పుడు పట్టిస్తారు? గుత్తి నుంచి యాభై కిలోమీటర్లు నడిపి, అనంతపురం పంక్చర్ షాపులో మధ్యాహ్నం పూట అయితే అక్కడే ఉంది తిరకాసు. వేడెక్కిన టైరులో మీటరు మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. కుర్రాడు ‘ఎక్కువుంది సార్’ అని తీసేస్తాడు. తెల్లారి టైరు చల్లబడేసరికి ఉండాల్సిన దానికంటే తక్కువ. గాలి తక్కువైతే స్టీరింగ్ మీరు రాసినట్టే బద్ధకిస్తుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే స్టిక్కర్ మీద అంకె ఉంటుంది. పొద్దున్నే, బండి తీయకముందు, ఆ అంకెకు పట్టించండి. దీనికయ్యే ఖర్చు పది ఇరవై రూపాయలు.

షాపువాళ్లు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు లెండి. మీ సైజు 185/65 ఆర్15. వెడల్పు 185 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. అంటే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య 120 మిల్లీమీటర్ల రబ్బరు గోడ. వాళ్లు చెప్పిన 205/45 ఆర్17లో అది 92. గోడ పొట్టిదైతే మలుపులో తక్కువ వంగుతుంది, బండి వెంటనే తిరుగుతుంది. కానీ గుంతలో పడ్డప్పుడు దెబ్బ కాచేదీ ఆ గోడే. పైగా పెద్ద రిమ్ములు చాలావరకు బరువెక్కువ, కుదుపులు లోపలికి తెలుస్తాయి. నేనూ మొదటి కారుకు ఇదే సరదా తీర్చుకున్నాను. రెండో నెలలోనే రంగు పోయిన స్పీడ్‌బ్రేకర్ రాత్రిపూట కనిపించక ఒక రిమ్ము వంగింది, టైరు ఉబ్బింది. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో బండికి దెబ్బ తగలకుండా టైరు ఒక్కటే పాడైతే పైసా రాదు. బండితో పాటు పాడైనా టైరు ఖరీదులో సగమే. మీకు ఆ సరదా తగ్గకపోతే ఎప్పుడైనా 195/55 ఆర్16 దగ్గర ఆగండి, ముందు బీమా కంపెనీకి రాసి చెప్పండి.

ఇక డబ్బు. చివరిదాకా ఆగితే ఐదు శాతం కమీషన్ పోను 95 వేలు వచ్చే చీటీని 75 వేలకు వదిలేస్తానంటున్నారు. ఆ 20 వేలు కూడా వీల్స్ ఖాతాలోనే రాసుకోండి. 72 వేల సరుకు 92 వేలు పడుతుంది. ఇంకా కట్టాల్సిన 14 వాయిదాలు ఎలాగూ తప్పవు.

మీ రిమ్ములకే మంచి కంపెనీ టైర్లు ఒక్కొక్కటి ఐదారు వేలు, నాలుగూ కలిపి 24 వేల లోపు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌కు ఇంకో వెయ్యి, వెయ్యిన్నర. ఇది బ్యాంకులోని 40 వేల నుంచే తీయండి. అత్యవసరానికి దాచిన సొమ్ము కదా అని సందేహించొద్దు. రోజూ వంద కిలోమీటర్లు హైవే మీద తిరిగే మనిషికి పాత టైరు అత్యవసరమే. తర్వాత నెలకు మూడు వేల చొప్పున తొమ్మిది నెలల్లోపు పూడ్చుకోండి. టైర్ల షాపుల్లో నెలకింత అని కార్డు ఈఎంఐ అంటగడతారు, వద్దనండి.

అలైన్‌మెంట్ చేసేటప్పుడే టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కీళ్లు), లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని బండికి పట్టి ఉంచే చేతిలోని రబ్బరు ముక్కలు) చూడమనండి. అవి అరిగి ఉంటే ఎంత ఖరీదైన వీల్స్ వేసినా ఆ వదులు పోదు. సెకండ్‌హ్యాండ్ బండి కాబట్టి నాకు ఈ అనుమానం కొంచెం ఎక్కువే ఉంది.

చీటీ డబ్బు చేతికొచ్చాక కారు లోన్‌లో జమ చేయడం మేలు. 14 శాతం వడ్డీ తప్పుతుంది, ముందుగా కడితే ఛార్జీ ఎంతో బ్యాంకులో అడిగి చూసుకోండి. ఈలోగా కొత్త టైర్లు బిగించే ముందు వాటి మీదా ఆ నాలుగంకెలు చదవండి. ఏడాది దాటిన సరుకైతే వేరే సెట్టు తీయమనండి, షాపువాడు మొహం మాడ్చుకున్నా సరే.