పట్టేసిన ఆయిల్ ఫిల్టర్

ప్రశ్న: అన్నా, మాది విశాఖలో మర్రిపాలెం. బైక్ ఆయిల్ ఫిల్టర్ డబ్బా కదలడం లేదు. స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పమంటున్నారు. తిప్పొచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ. రేకు చిరిగితే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. కంచరపాలెంలో నా షెడ్డుకు అలా చిరిగి వచ్చిన బండికి సగం రోజు పట్టింది. ఇంజన్ కాస్త వేడెక్కించి ఆపు. సైలెన్సర్ పైపు చల్లారాకే చెయ్యి పెట్టు. ఆయిల్ దించి, డబ్బా జిడ్డు శుభ్రంగా తుడిచి, గరుకు వైపు లోపలికి ఉండేలా ఎమరీ పేపర్ చుట్టు. బెల్ట్ రెంచ్‌ని (డబ్బా చుట్టూ పట్టీ బిగించి తిప్పే పనిముట్టు) ఇంజన్ వైపు అంచు దగ్గరే వెయ్యి, అక్కడ డబ్బా గట్టిగా ఉంటుంది. గడియారం ముళ్లకు ఎదురుగా తిప్పు.

ఊడాక పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుందేమో చూడు. దానిమీద కొత్త ఫిల్టర్ బిగిస్తే ఆయిలంతా కారిపోతుంది. ఇదొక్కటి మరవకు. కొత్త ఫిల్టర్ రింగుకు ఆయిల్ రాసి, ఫిల్టర్‌ని చేత్తోనే బిగించు.