రెండు లైన్లున్నా ఇంటి నుంచి ఆఫీసు అందడం లేదు!

ప్రశ్న: సార్, విజయవాడ గవర్నర్‌పేటలో మాది చిన్న ఆడిట్ ఆఫీసు. ఆరుగురం ఉంటాం. ఇంటి నుంచి కూడా ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) చూసుకోవచ్చని రెండు వ్యాన్ (బయటి నెట్ లైన్ పెట్టే) పోర్టులున్న వైఫై వీపీఎన్ ఫైర్‌వాల్ రూటర్ కొన్నాం. ఒక పోర్టుకు ఫైబర్, రెండోదానికి కేబుల్ ఆపరేటర్ లైన్ పెట్టాను. రెండూ 'కనెక్టెడ్' అనే చూపిస్తున్నాయి, నెట్ వస్తోంది. కానీ ఇంటి నుంచి వీపీఎన్ (నెట్ మీదుగా ఆఫీసులోకి వెళ్లే రహస్య దారి) కలవదు. బ్యాంకు సైటేమో లాగిన్ అయిన కాసేపటికే బయటికి తోసేస్తోంది. రూటర్ మార్చమంటారా?
- ఒక ఆడిటర్, విజయవాడ

జవాబు: మార్చకండి ఆడిటర్ గారూ, రూటర్ బాగానే ఉంది. పచ్చ లైట్లను నమ్మడం మానేసి, స్టేటస్ పేజీలో వ్యాన్ 1 ఎదురుగా ఏ ఐపీ అడ్రస్ ఉందో చూడండి.

అది 192.168తో మొదలైతే, ఫైబర్ వాళ్లు గోడకు బిగించి వెళ్లిన ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) డబ్బా తనే రూటర్ పని కూడా చేసేస్తోందన్నమాట. మీది దాని చాటున ఉండిపోయింది. బయటి నుంచి వచ్చే వీపీఎన్ వీధి గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి 'ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టండి' అని సరిగ్గా ఈ మాటే అనండి. అంటే అది రూటర్ పని మానేసి, లైన్‌ను నేరుగా మీ రూటర్‌కు అందిస్తుంది. 'వీపీఎన్ రావట్లేదు' అన్నారో, రీస్టార్ట్ చేయమని చెప్పి ఫోన్ పెట్టేస్తారు. తర్వాత మీ రూటర్‌లో కనెక్షన్ రకం పీపీపీఓఈ (రూటరే కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి) ఎంచుకుని వాళ్లిచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వండి. వీల్యాన్ నంబరు (లైన్‌లో మీ నెట్‌ను వేరుగా గుర్తించే అంకె) ఏదైనా ఇవ్వాలా అని అదే ఫోన్లో అడిగేయండి. అవసరమైన చోట అది లేకపోతే పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా డయల్ కాదు. ఎంటీయూ (ఒక్కో డేటా ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492 ఉంచండి. మామూలుగా 1500 బైట్లు, అందులో 8 పీపీపీఓఈకే పోతాయి. ఇది తేడా వస్తే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెల్లగా అలాగే ఉండిపోతాయి.

అడ్రస్ 100.64కీ 100.127కీ మధ్య ఉంటే మాత్రం మీరు చేయగలిగింది పెద్దగా లేదు. అడ్రస్‌లు చాలక కంపెనీ ఒకదాన్నే చాలామందికి పంచుతోంది. పోర్ట్ ఫార్వర్డింగ్‌తో (బయటి నుంచి వచ్చినదాన్ని లోపలికి మళ్లించే సెట్టింగ్) కుస్తీ పట్టకుండా ఫైబర్‌కు స్టాటిక్ ఐపీ (మీకొక్కరికే ఉండే, మారని అడ్రస్) అడగండి. సాధారణంగా దానికి వేరే డబ్బు తీసుకుంటారు.

బ్యాంకు గొడవకు కారణం లోడ్ బ్యాలెన్సింగ్ అయి ఉంటుంది. ఒక క్లిక్ ఫైబర్ నుంచి, ఇంకో క్లిక్ కేబుల్ నుంచి వెళ్తే, లాగిన్ అయినవాడొకడు, డబ్బు పంపేవాడొకడు అని బ్యాంకు బెదరదా మరి! ఆరుగురికి రెండు లైన్లూ కలిపి వాడాల్సిన పనిలేదు. ఫెయిలోవర్ (ఒక లైన్ పోతేనే రెండోదానికి మారడం) పెట్టి కేబుల్‌ను స్పేర్‌గా ఉంచుకోండి.

ఇక్కడ నేనోసారి దెబ్బతిన్నాను. ఒక క్లినిక్‌లో ఫెయిలోవర్ పెట్టి హాయిగా ఇంటికొచ్చా. వారం తిరక్కుండా వీధి చివర డ్రైనేజీకి తవ్వుతూ ఫైబర్ తెంపేశారు. రూటర్ రెండో లైన్‌కు మారితేగా! అక్కడ ఓఎన్‌టీ బ్రిడ్జ్‌లో లేదు. దానికీ రూటర్‌కూ మధ్య ఉన్న గజం కేబుల్ క్షేమంగా ఉంది కాబట్టి, రూటర్ లెక్కలో లైన్ కూడా క్షేమమే. డాక్టరు గారి చేత మాటలు పడ్డాక, గూగుల్ వాళ్ల సర్వర్ 8.8.8.8ను పింగ్ చేసి, అంటే పలకరించి జవాబు వస్తోందా అని, చూసుకునేలా లింక్ చెక్ మార్చాను. మీరూ అలాగే పెట్టి, ఓఎన్‌టీకి వచ్చే ఫైబర్ తీగ నెమ్మదిగా ఊడదీసి పరీక్షించండి. దాని కొనకు వేలు తగలనివ్వకండి. ఓఎన్‌టీకి కరెంటు ఆపి చూస్తే అది పరీక్షే కాదు, గజం కేబుల్ కూడా చచ్చిపోతుంది కాబట్టి రూటర్ ఎలాగూ మారుతుంది.

వీపీఎన్ రకాల్లో పీపీటీపీ జోలికి పోకండి. తేలిగ్గానే కలుస్తుంది కానీ దాని తాళం పాతబడి ఏనాడో విరిగింది, మీ దగ్గరున్నవేమో క్లయింట్ల లెక్కలు. వైర్‌గార్డ్ ఉంటే అది, లేకపోతే ఐపీసెక్ పెట్టండి. అన్నీ అయ్యాక వీపీఎన్ కలిసి కూడా ట్యాలీ కంప్యూటర్ కనిపించకపోతే, మీ ఇంట్లోనూ ఆఫీసులోనూ 192.168.1 వరసే ఉందేమో చూడండి. రెండూ ఒకటే అయితే మీ కంప్యూటర్ ట్యాలీని ఇంట్లోనే వెతుక్కుంటుంది. ఆఫీసు ల్యాన్‌ను (లోపలి నెట్‌వర్క్‌ను) 192.168.57 లాంటి దానికి మార్చేయండి. ప్రింటర్‌కు పాత అడ్రస్ గట్టిగా పెట్టి ఉంటే దాన్ని కూడా మార్చాలి.