పిప్పరమెంటు పొట్లం మీద తాతగారి పేరు ఎవరిది?

ప్రశ్న: తాతగారు 1958లో మొదలుపెట్టిన పిప్పరమెంటు బిళ్లల తయారీని ఆయన తర్వాత నాన్న, బాబాయి భాగస్వాములుగా నడిపారు. నాన్న పోయి రెండేళ్ల ఎనిమిది నెలలైంది. అంతకుముందే బాబాయి తాతగారి పేరును తన సొంత ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకున్నారు. ఇప్పుడు మమ్మల్ని గేటు దాటనివ్వడం లేదు. పాత స్టాంపు పేపరు మీద పాత తేదీ వేసి ఒప్పందం రాసుకుంటే చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ఉత్తరంలో పంచదార పాకం దగ్గర నుంచి బాబాయి గారి మాటల వరకు అన్నీ ఉన్నాయి. భాగస్వామ్య పత్రం ఉందో లేదో మాత్రం లేదు. కేసు తేలేది అక్కడే.

ఇద్దరే భాగస్వాములున్న ఫర్మ్ (భాగస్వామ్య వ్యాపారం) ఒకరి మరణంతో రద్దవుతుంది. భాగస్వామ్య చట్టం 55వ సెక్షన్ ప్రకారం వ్యాపారం గుడ్‌విల్ (దాని మంచిపేరుకున్న విలువ) కూడా లెక్కల్లోకి వచ్చే ఆస్తే. అందుకే ‘మేమూ తాతగారి మనవలమే’ అనకండి. ‘ఫర్మ్ ఆస్తిలో నాన్న వాటా’ అని అడగండి. దావాకు గడువు రద్దయిన నాటి నుంచి 3 సంవత్సరాలు. మీకు మిగిలింది నాలుగు నెలలు! ఇన్నాళ్లూ పెద్దమనుషుల చుట్టూ తిరిగారట. వాళ్ల తీర్పు కోసం దావా గడువులు పెట్టే లిమిటేషన్ చట్టం ఆగదు.

ఫర్మ్ రిజిస్టర్ కాలేదని భయపడకండి. రిజిస్టర్ కాని ఫర్మ్‌ల దావాలను ఆపే 69వ సెక్షన్, రద్దయిన ఫర్మ్ లెక్కలు అడగడానికి అడ్డు రాదు. భుజియా వ్యాపారం చేసే హల్దీరామ్ కుటుంబం 1974లోనే ఫర్మ్ రద్దు పత్రం రాసుకుంది: పశ్చిమ బెంగాల్‌లో పేరు ఒకరికి, మిగతా దేశమంతటా మరొకరికి. అయినా వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫర్మ్ రిజిస్టర్ కానంత మాత్రాన పేరును కాపాడుకునే దావాను కొట్టివేయకూడదని 2000లో ఆ కోర్టు చెప్పింది. కాగితం ఉన్నవాళ్లకే అన్ని తిప్పలు.

ఇక ఆ స్టాంపు పేపరు. ముట్టుకోవద్దు. అమ్మిన తేదీ, వరుస సంఖ్య, కొన్నవారి పేరు కాగితం మీదా ఉంటాయి, అమ్మకందారు రిజిస్టరులోనూ ఉంటాయి. బాబాయి గారి లాయరు మొదట చూసేది అదే. దొరికిపోతే ఫోర్జరీ కేసులో ముద్దాయి మీరే. నిజంగా రావలసిన వాటా మీదా కోర్టుకు నమ్మకం పోతుంది.

ఈ వారమే నోటీసు ఇప్పించండి. గడువులోగా లెక్కల దావా వేసి, అందులోనే భాగస్వామ్య చట్టం 53వ సెక్షన్ కింద బాబాయి గారు ఫర్మ్ పేరు వాడకుండా తాత్కాలిక నిషేధం కోరండి. ట్రేడ్‌మార్క్ సవరణకు చెన్నై రిజిస్ట్రీలో గానీ హైకోర్టులో గానీ విడిగా పిటిషన్ వేయాలి. తెలిసీ వరుసగా ఐదేళ్లు ఊరుకుంటే ట్రేడ్‌మార్క్ చట్టం 33వ సెక్షన్ అడ్డుపడుతుంది కాబట్టి, రిజిస్ట్రేషన్ సంగతి మీ నాన్నగారికి ఎప్పుడు తెలిసిందో ఆరా తీయండి. సాక్ష్యానికి తాతగారి ఫొటో చాలదు. పాత లేబుళ్లు, అమ్మకపు పన్ను కాగితాలు, బ్యాంకు ఖాతా, నాన్నగారి లాభం వాటా కనిపించే ఆదాయపు పన్ను రిటర్నులు కావాలి. భాగస్వామ్య పత్రం ఇంట్లో దొరక్కపోతే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నకలుకు దరఖాస్తు పెట్టండి. అక్కడా లేకపోతే ఆ రిటర్నులే మీకు దిక్కు.